పందెం ఎవరిది, లాభం ఎవరిది?

దేశానికి రైలు పట్టాలు అందించే ఊరుగా భిలాయి పేరు అందరికీ తెలిసినదే. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం దుర్గ్ జిల్లాలోని పొలాల నడుమ లేచిన ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించగా, ఆ కొలిమిని నమ్ముకుని ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు టౌన్‌షిప్ సెక్టార్లలోనూ ఖుర్సీపార్ వంటి పేటలలోనూ స్థిరపడి మూడు తరాలు కావస్తోంది. అయితే 2023 నుంచి ఈ ఊరి పేరు పత్రికలలో ఉక్కుతో కంటె ‘మహదేవ్ బుక్’ అనే పందేల వ్యవస్థతోనే ఎక్కువగా కలిసి కనబడుతోంది. ఎడారి దేశంలో జరిగిన నిర్వాహకుడి పెళ్లి, దానికి ప్రత్యేక విమానాలలో వెళ్లిన అతిథులు, దాడులు, అరెస్టులు, ఎన్నికల వేళ ఆరోపణలు, ఖండనలు కలగలిసి ఈ వ్యవహారం ఒక నేరకథగానే ప్రచారంలోకి వచ్చింది. జూదం ఒక వ్యాపారంగా ఎలా నిలబడుతుంది, చట్టం దానిని ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకుని పొరబడింది అనే ప్రశ్నలకు భిలాయి ఒక పాఠ్యగ్రంథం లాంటిదన్న సంగతి మాత్రం ఆ సందడిలో మరుగునపడింది.

సెల్‌ఫోను రాకముందు ఈ ప్రాంతంలో పందెమంటే ప్రధానంగా రెండు రకాలే ఉండేవి. ఒకటి మట్కా. న్యూయార్క్ పత్తి మార్కెట్ ధరల చివరి అంకెల మీద బొంబాయిలో కాసే పందెంగా పుట్టి, 1960ల నాటికి కుండలోంచి చీటీలు తీసే ఆటగా మారి, ఆ కుండ పేరుతోనే దేశమంతటా పాకిన అంకెల జూదం ఇది. రాయలసీమ పట్టణాలకూ సుపరిచితమే. రెండవది క్రికెట్ సట్టా. పందేలు స్వీకరించే మనిషిని ఛత్తీస్‌గఢ్‌లో ఖాయివాల్ అంటారు. గెలుస్తుందనుకున్న జట్టు మీద డబ్బు పెట్టడం ‘లగానా’ అయితే, ఎదుటివాడు పెట్టిన పందేన్ని తన మీద వేసుకోవడం ‘ఖానా’, అంటే తినడం. తెలుగువారు పందెం కాస్తారు, హిందీవారు పందెం తింటారు. ధ్వనిలో ఇంత దగ్గరగా ఉన్న ఈ రెండు మాటలూ బల్లకు చెరోవైపు కూర్చున్న ఇద్దరు మనుషులను సూచించడం భాషాపరమైన కాకతాళీయమే అయినా, జూదపు అర్థశాస్త్రమంతా ఆ తేడాలోనే ఉన్నదని చెప్పినా తప్పులేదు.

ఆ లెక్క ఎంత సులభమో చూడాలి. మట్కాలో సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు ఉంటాయి కనుక ఒక అంకె తగలడానికి పదింట ఒక వంతు అవకాశం ఉంటుంది; కాని తగిలినవాడికి రూపాయికి వచ్చేది సాధారణంగా తొమ్మిది రూపాయలే. పది అంకెల మీదా తలొక రూపాయి వస్తే నిర్వాహకుడు పది వసూలు చేసి తొమ్మిది చెల్లించి ఒకటి ఉంచుకుంటాడు. క్రికెట్‌లో రెండు జట్లూ సమఉజ్జీలైనప్పుడు బుకీ రెండు వైపులా తొంభై పైసల రేటు చెబుతాడు. నూరు పెట్టి గెలిచినవాడికి అసలు కాక తొంభై వస్తుంది, ఓడినవాడికి నూరూ పోతుంది. రెండు వైపులా నూరేసి వచ్చాయంటే రెండు వందలలో నూట తొంభై తిరిగి వెళ్లి పది రూపాయలు, అంటే నూటికి ఐదు, బుకీ దగ్గర నిలుస్తాయి. ఈ ఐదు శాతాన్ని చాలామంది స్వల్పమనుకుంటారు. కాని పందెగాడు ఒక్కసారి ఆడి ఊరుకోడు. వెయ్యిమంది కలిసి తెచ్చిన సొమ్ము ప్రతి విడతలోనూ మొత్తంగా మళ్లీ బల్ల మీదికి వస్తూ, విడతకు ఐదు శాతం చొప్పున తరుగుతూ పోతే, పద్నాలుగో విడత ముగిసేసరికి అందులో సగం కూడా మిగలదు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది ఆ వెయ్యిమందికి సంబంధించిన సంగతి. బుకీకి అవసరమైనది విడతల సంఖ్య మాత్రమే. ఐదు రోజుల టెస్టు కంటె మూడు గంటల ఇరవై ఓవర్ల ఆట, దానికంటె ప్రతి బంతి మీదా పందెం, దానికంటె నిమిషానికొక చక్రం తిరిగే ఆట ఈ వ్యాపారానికి ఎందుకు ప్రీతిపాత్రమయ్యాయో ఇక్కడే తెలుస్తుంది.

ఇంత ఖాయమైన లాభం కనబడుతున్నా పాత ఖాయివాల్ పెద్ద వ్యాపారి కాలేకపోయాడంటే దానికి కారణం పోలీసుల భయం ఒక్కటే కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. చెల్లదంటే నేరమని అర్థం కాదు. దాని ఆధారంగా ఎవరూ కోర్టుకెళ్లి డబ్బు రాబట్టుకోలేరని అర్థం. కోర్టు అండలేని వ్యాపారం మనుషుల మీద నమ్మకంతోనే సాగాలి. ఖాయివాల్ తన వీధిలో, తన బజారులో, తనకు ముఖపరిచయం ఉన్నవారికే అరువిచ్చేవాడు. మ్యాచ్ ముగిశాక వసూలు చేసుకునేవాడు. ఎగవేసినవాడిని పరువు పేరుతోనో బలం చూపించో లొంగదీసేవాడు. అందుచేత అతని వ్యాపారం అతని పరిచయాల పరిధిని దాటేది కాదు. సట్టాను అంతకాలం స్థానికంగా ఉంచినది చట్టం విధించిన శిక్ష కాదు, చట్టం ఇవ్వని రక్షణ.

మహదేవ్ వ్యవస్థ ఛేదించినది సరిగ్గా ఈ చిక్కునే. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్, అంటే ఈడీ, 2023 సెప్టెంబరులో వెల్లడించిన వివరాల ప్రకారం భిలాయికి చెందిన సౌరభ్ చంద్రాకర్, రవి ఉప్పల్ అనే ఇద్దరు దుబాయి కేంద్రంగా దీనిని నడిపించారు. వీరి మీద ఉన్నవి ఇప్పటికీ దర్యాప్తు సంస్థల ఆరోపణలుగానే చదువుకోవలసినవి; ఆ సంస్థ వర్ణించిన నిర్మాణం మాత్రం ఆర్థికశాస్త్ర విద్యార్థి ఎవరైనా శ్రద్ధగా గమనించదగినది. ప్రకటన చూసిన మనిషి వాట్సాప్ నంబరుకు సందేశం పంపితే, డబ్బు జమచేయడానికి ఒక నంబరు, గెలిచిన డబ్బు తీసుకోవడానికి మరొక నంబరు ఇస్తారు. ముందు డబ్బు కట్టినవాడికే ‘ఐడీ’, అందులో పాయింట్లు. అరువు అనే మాటే లేదు కనుక ఎగవేత భయమూ లేదు. నమ్మవలసిన భారం నిర్వాహకుడి నుంచి పందెగాడి మీదికి మారిపోయింది. ముక్కూమొహం తెలియని లక్షలమందితో పందెం నడపడం దీనితో సాధ్యపడింది. ఆ లక్షలమందిని చూసుకోవడానికి ‘ప్యానెల్’, ‘బ్రాంచి’ అనే పేర్లతో ఊరూరా శాఖలు తెరిచి, వాటిని నడిపేవారితో లాభాన్ని 70–30 నిష్పత్తిలో పంచుకునేవారని ఈడీ చెప్పింది. ఊరికొక డీలరుతో కూల్‌డ్రింకులూ సిమెంటూ అమ్మినట్టే ఇక్కడ పందేన్ని అమ్మారు. ఆటలు మొత్తం మీద ప్యానెల్ యజమాని నష్టపోని విధంగా అమర్చి ఉండేవని కూడా ఆ సంస్థ ఆరోపించింది. పైన చూసిన ఐదు శాతం లెక్కతోనే లాభం ఖాయమైన చోట మోసం కూడా అవసరమైందంటే అది అత్యాశ అనే అనుకోవాలి.

ఈ అమరికలో అత్యంత కీలకమైన ముడిసరుకు ఆటా కాదు, యాప్ కూడా కాదు; బ్యాంకు ఖాతా. జమ అయిన డబ్బు నిర్వాహకుడి పేరుతో ఉన్న ఖాతాలోకి నేరుగా వస్తే ఒక్క పూటలో దొరికిపోతాడు. అందుకే కమిషన్‌కు ఆశపడి ఇచ్చిన ఇతరుల ఖాతాలు, పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ములతో సహా, వందల సంఖ్యలో కావలసి వస్తాయి. బ్యాంకులు వీటిని మ్యూల్ ఖాతాలంటాయి. తెలుగులో అద్దె ఖాతాలనడం సబబు. ఒక అద్దె ఖాతాలోకి వచ్చిన సొమ్ము గంటల వ్యవధిలో మరో నాలుగింటికి చీలి, అక్కడి నుంచి ఇంకొన్నింటికి పాకి, చివరకు హవాలా మార్గంలో, అంటే బ్యాంకు ప్రమేయం లేకుండా ఇక్కడ ఒకరు తీసుకుని అక్కడ మరొకరు చెల్లించే దళారుల పద్ధతిలో, సరిహద్దు దాటుతుంది. ఖాతా అద్దెకిచ్చిన యువకుడికి దక్కేది నెలకు కొన్ని వేలే అయినా బ్యాంకు రికార్డులో కనిపించేది అతని పేరు, అతని పాన్ నంబరు, అతని ఇంటి చిరునామా. ఈ గొలుసులో సంపాదన తక్కువగా, ప్రమాదం ఎక్కువగా ఉన్న లంకె అదే.

ఇది భిలాయిలోనే ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు ఖచ్చితమైన జవాబు చెప్పడం కష్టం గాని, ఊరి ఆర్థిక స్వరూపం కొంత ఊతమిచ్చిందని ఊహించవచ్చు. ఉక్కు కర్మాగారపు ఉత్పత్తి దశాబ్దాలుగా పెరుగుతూ ఉండగా శాశ్వత ఉద్యోగాలు తరుగుతూ వచ్చాయి. తండ్రికి ప్లాంటులో దొరికిన కొలువు కొడుకుకు కాంట్రాక్టు పనిగా మిగిలింది. టౌన్‌షిప్ బడులలో చక్కగా చదువుకుని, కంప్యూటరూ లెక్కలూ వచ్చి, పని దొరకని యువకులు అధికంగా ఉన్న ఊళ్లో, రాత్రిపూట మ్యాచ్ జరుగుతున్నంతసేపూ నాలుగు ఫోన్ల ముందు కూర్చుని పాయింట్లు ఎక్కించే ఉద్యోగానికి మనుషులు కరువు కారు. ఇలాంటి నెట్‌వర్కులు తెలుగునాటికి కొత్తవీ కావు. 2023 నవంబరు 5న కేంద్ర ఐటీ శాఖ నిరోధించిన 22 అక్రమ పందేల యాప్‌లు, వెబ్‌సైట్లను ప్రకటిస్తూ పేరెత్తి చెప్పిన రెండింటిలో ఒకటి మహదేవ్ బుక్ కాగా, రెండవది ‘రెడ్డి అన్న’ పేరును తన చిరునామాలో పెట్టుకున్న వెబ్‌సైటు. అన్న అనే పిలుపులోని ఆప్యాయతను ఈ వ్యాపారం ఎంత తేలికగా వాడుకున్నదో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

చట్టం సంగతికి వస్తే, ఛత్తీస్‌గఢ్‌తో సహా పాత మధ్య పరగణాలకు వర్తించిన మూలచట్టం 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ యాక్ట్. జూదగృహం నడిపినవాడికి అందులో మొదట విధించిన జరిమానా రెండు వందల రూపాయలకు మించదు. ఆ కాలానికది చిన్న మొత్తమేమీ కాదు. అసలు లోపం శిక్షలో కంటె ఊహలో ఉంది. జూదం నాలుగు గోడల మధ్య, చాప మీద, పాచికలతోనో పేకముక్కలతోనో జరుగుతుందని, అధికారి తలుపు తోసుకుని లోపలికి వెళితే అందరూ పట్టుబడతారని ఆ చట్టం నమ్మకం. గోడలూ తలుపూ లేని జూదం అందులో ఇమడదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పందేలనూ జూదాన్నీ రాష్ట్రాల జాబితాలో చేర్చడంతో ఎవరి చట్టం వారిదైంది. యాప్ మాత్రం రాష్ట్రాల ఎల్లలను గుర్తించదు.

అదే చట్టంలో మరొక మాట కూడా ఉంది: కేవల నైపుణ్యంతో ఆడే ఆటలకు ఈ శిక్షలు వర్తించవు. తరువాతి నూట యాభై ఏళ్ల వివాదమంతా ఈ మినహాయింపు చుట్టూనే తిరిగింది. అందులో మైలురాయిగా నిలిచిన తీర్పు తెలుగు గడ్డ నుంచి వెళ్లిన కేసులోనిది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకోగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని నిర్ణయించింది: పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, మూడు ముక్కలాట వలె ఇది శుద్ధ అదృష్టం కాదు. తీర్పు రాసిన న్యాయమూర్తి మహమ్మద్ హిదాయతుల్లా రాయపూర్ ప్రభుత్వ పాఠశాలలో చదువుకున్నవాడు. నేడు ఆయన పేరుతో ఛత్తీస్‌గఢ్‌లో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది.

అదే తీర్పులో ఆయన మరొక హెచ్చరిక కూడా చేశాడు. పందెం పెట్టి ఆడే రమ్మీ నుంచి గాని మరే ఆట నుంచి గాని ఇంటి యజమానో క్లబ్బో లాభం తీస్తున్నట్టు సాక్ష్యం దొరికితే నేరం నిలబడవచ్చునన్నది దాని సారాంశం. మొదటి సగం ప్రతి ఆన్‌లైన్ రమ్మీ కంపెనీకీ కవచమైంది. రెండవ సగాన్ని అరుదుగా తప్ప ఎవరూ తలచుకోలేదు. ఆడేవాడికి తెలివి అవసరమా, అదృష్టం చాలునా అన్నది తత్త్వవేత్తలకు మంచి ప్రశ్నే కావచ్చు. ప్రజావిధానానికి అవసరమైన ప్రశ్న అది కాదు. ఆట ఏదైనా సరే, ప్రతి విడతలోనూ బల్ల మీద నుంచి సొమ్ము తీసుకుంటున్నదెవరు, విడతల సంఖ్య పెంచడం వల్ల బాగుపడుతున్నదెవరు అన్నదే హిదాయతుల్లా వేలెత్తి చూపిన ప్రశ్న. దానిని పట్టుకుని ఉంటే తరువాతి చరిత్ర వేరుగా ఉండేది.

అలా జరగలేదు కనుక రాష్ట్రాలు నైపుణ్యం అనే గీతను చెరపడానికి ప్రయత్నించాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా, నిషేధించాయి. ఛత్తీస్‌గఢ్ 1867 నాటి చట్టం స్థానంలో జూద నిషేధ చట్టం–2022ను 2023లో అమలులోకి తెచ్చి, ఆన్‌లైన్ జూదాన్ని విడిగా నిర్వచించి, మళ్లీ మళ్లీ పట్టుబడినవారికి ఏడేళ్ల దాకా జైలు విధించింది. మహదేవ్ అప్పటికే దుబాయి చేరింది. తెలంగాణలో 2025లో పందేల యాప్‌లకు ప్రచారం చేసిన సినీ, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసులు నమోదయ్యాక గాని, ప్రకటన కూడా ఈ వ్యాపారంలో ఒక పెట్టుబడేనన్న సంగతి సామాన్య చర్చలోకి రాలేదు.

ఇక్కడ జూదానికి దగ్గరి బంధువైన మరొక వ్యవస్థ గురించి చెప్పుకోవాలి. అంచనాల మార్కెట్ అంటే, ఫలానా సంఘటన జరిగితే పది రూపాయలు, జరగకపోతే సున్నా చెల్లించే పత్రాన్ని జనం కొనుక్కునే, అమ్ముకునే చోటు. ఆ పత్రం ఆరు రూపాయలు పలుకుతోందంటే సంఘటనకు అరవై శాతం అవకాశం ఉందని మార్కెట్ భావిస్తున్నట్టు. వేలమంది దగ్గర చెదురుమదురుగా ఉన్న చిన్నచిన్న సమాచారాన్ని ఏ అధికారీ పోగుచేయలేడని, ధర అనే ఒక్క అంకె దానిని పోగుచేయగలదని ఆర్థికవేత్త హయక్ 1945లో చేసిన వాదన దీనికి పునాది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 1988 అధ్యక్ష ఎన్నికల సమయంలో ఇలాంటి మార్కెట్‌ను పరిశోధన కోసం తెరిచింది. ఒక మనిషి అందులో పెట్టగల సొమ్ముకు 500 డాలర్ల పరిమితి ఉన్నా దాని అంచనాలు చాలాసార్లు సర్వేలకు తీసిపోలేదు. సమాచారం రాబట్టడానికి పెద్ద పందేలు అవసరం లేదని తేల్చిన ఈ అనుభవాన్ని నేటి వ్యాపార సంస్థలు గుర్తుచేసుకోవడానికి ఇష్టపడవు. 2024 అమెరికా ఎన్నికలలో పాలీమార్కెట్ వంటి వేదికలు విజేతను ముందుగా సూచించాయని గొప్పగా చెప్పుకున్నారు గాని, అక్కడ ఒకే ఒక ఫ్రెంచి వ్యాపారి పలు ఖాతాల ద్వారా కోట్ల డాలర్లు దించిన సంగతి బయటపడినప్పుడు, ఆ ధర జనాభిప్రాయమా లేక ఒక జేబు బరువా అన్న సందేహం మిగిలిపోయింది.

భారతదేశంలో ఇది కొత్తేమీ కాదు. రాజస్థాన్‌లోని ఫలోదీ సట్టా బజారు వర్షాల మీదా ఎన్నికల మీదా రేట్లు చెప్పడంలో పేరుపొందింది. ఎన్నికలొస్తే గోదావరి జిల్లాలలో మెజారిటీల మీద కూడా పందేలు కాస్తారు. ఈ రేట్లలో సమాచారం బొత్తిగా ఉండదనలేము, కాని వాటిని జోస్యంగా తీసుకోవడం పొరపాటు. 2024 లోక్‌సభ ఎన్నికలలో భాజపాకు మూడు వందల చుట్టుపక్కల సీట్లు వస్తాయని ఫలోదీ రేటు చెప్పగా వచ్చినవి 240. అంతకుముందు ఏడాది ఛత్తీస్‌గఢ్‌లో ఎగ్జిట్ పోల్స్ చాలావరకు కాంగ్రెస్ వైపు మొగ్గితే, 90 స్థానాలలో 54 భాజపాకు దక్కాయి. అందరూ ఒకే మాటను నమ్మినప్పుడు ధర కూడా ఆ నమ్మకాన్నే అచ్చువేస్తుంది. ఇదే కోవలోని ‘అభిప్రాయ వ్యాపారపు’ యాప్‌లు, వాటిలో ముఖ్యమైన ప్రోబో, అవును–కాదు అనే రెండు పత్రాల ధరలు కలిపి పది రూపాయలయ్యే పద్ధతిని ఫోనులోకి తెచ్చాయి. క్రికెటర్ ఎన్ని పరుగులు చేస్తాడు, వీడియోకు ఎన్ని వీక్షణలు వస్తాయి అనే ప్రశ్నలతో అవి నిండిపోయాయి. వచ్చే ఓవరులో ఎన్ని పరుగులొస్తాయన్న అంచనా మ్యాచ్ ముగిసిన మరుక్షణం ఎవరికీ పనికిరాదు. రైతుకు రుతుపవనాల అంచనా పనికొచ్చినట్టు దాని ఆధారంగా నిర్ణయం తీసుకునేవాడు లేడు. కనుక సమాచారం అనే సమర్థన వీటికి అతకదు. అవి మార్కెట్ వేషం వేసుకున్న తొంభై పైసల రేట్లే. 2025లో ప్రోబో మీద ఛత్తీస్‌గఢ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఇలాంటి వేదికలు తన నియంత్రణ కిందికి రావని, అక్కడ మదుపుదారులకు రక్షణ ఏదీ లేదని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ హెచ్చరించింది.

సెబీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక పక్కమాట. షేర్ మార్కెట్ ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో వ్యక్తిగతంగా ఆడినవారిలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని ఆ సంస్థ అధ్యయనమే చెప్పింది. ఏడాదికి సగటున అరవై వేల కోట్లు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలలో జనం 2025 నాటికి పోగొట్టుకుంటూ వచ్చినది ఏడాదికి సుమారు ఇరవై వేల కోట్లని ప్రభుత్వ అంచనా. మూడింతలు పెద్దదైన నష్టాన్ని మదుపు అని, చిన్నదానిని జూదం అని పిలుస్తున్నారంటే, ఆ గీత గీసినది అర్థశాస్త్రం కాదని స్పష్టమే.

పన్ను విషయంలోనూ తడబాటు తప్పలేదు. 2023 అక్టోబరు 1 వరకు నైపుణ్యపు ఆటల కంపెనీలు తమ రుసుము మీద 18 శాతం జీఎస్టీ కడుతూ వచ్చాయి. ఆనాటి నుంచి ఆటగాడు జమచేసిన మొత్తం మీద 28 శాతం అన్నారు. ఆటగాడు వేసిన నూరు రూపాయలలోనే పన్ను ఇమిడి ఉందనుకుంటే ప్రభుత్వానికి వెళ్లేది 21 రూపాయల 88 పైసలు. నూటికి పది పదిహేను మిగుల్చుకునే కంపెనీ నూటికి ఇరవై రెండు పన్ను కట్టాలంటే ఆ భారమైనా ఆటగాడి మీద పడాలి, లేదా కంపెనీ మూతపడాలి. పన్ను కట్టే వేదిక మీద ఆటగాడికి రేటు క్షీణించినకొద్దీ పన్ను కట్టని మహదేవ్‌ల రేటు ఆకర్షణీయమవుతుంది. దేశంలో నమోదైన సంస్థను శిక్షించే పన్ను, ఎక్కడా నమోదు కాని సంస్థకు రాయితీ వంటిది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రేటు 40 శాతమైంది. అప్పటికి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టానికి ఆమోదం లభించి, కంపెనీలు వాటిని ఆపివేశాయి కనుక ఆచరణలో అది గోవా క్యాసినోలకూ, మలక్‌పేట వంటి చోట్ల సాగే గుర్రప్పందేలకూ వర్తిస్తుంది. గుర్రప్పందెం నైపుణ్యపు ఆటేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఆ నిషేధ చట్టం 2025 ఆగస్టులో మూడు రోజులలో ఆమోదం పొందింది: 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. నైపుణ్యమా అదృష్టమా అన్న విచక్షణ లేకుండా డబ్బు పెట్టి ఆడే ప్రతి ఆన్‌లైన్ ఆటనూ నడపడం, ప్రచారం చేయడం, దానికి చెల్లింపులు సాగించడం నేరాలని ఆ చట్టం చెప్పింది. నడిపినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆటగాడికి శిక్ష లేదు. ఈ చివరి అంశమూ, చెల్లింపుల మీద గురి పెట్టడమూ నిస్సందేహంగా సరైన దిశ. ఆట స్వభావాన్ని వదిలి డబ్బు దారిని పట్టుకున్న మొదటి జాతీయ చట్టం ఇదే. కాని ఇది మూసివేసినది తలుపున్న దుకాణాలను. డ్రీమ్11, ప్రోబో వంటి కంపెనీలు చట్టం వచ్చిన రోజులలోనే డబ్బు ఆటలు ఆపివేశాయి, ఎందుకంటే వాటికి చిరునామా ఉంది, లెక్కలున్నాయి. పేరు చివర ఒక అంకె మార్చుకుని మళ్లీ తెరుచుకునే వెబ్‌సైట్లకు అవేవీ లేవు. చట్టం చెల్లుబాటును సవాలు చేస్తూ వివిధ హైకోర్టులలో దాఖలైన వ్యాజ్యాలను ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన వద్దకు బదిలీ చేసుకుంది.

దీనికి ప్రత్యామ్నాయం 2016లో క్రికెట్ సంస్కరణల కోసం ఏర్పడిన లోధా కమిటీ, 2018లో లా కమిషన్ 276వ నివేదిక పరిశీలించినదే. క్రికెట్ పందేన్ని చట్టబద్ధం చేయవచ్చునని మొదటిది సిఫారసు చేయగా, పూర్తిగా నిరోధించలేని పక్షంలో లైసెన్సులు, ఆధార్–పాన్ అనుసంధానం, పందేల సంఖ్యకూ మొత్తానికీ పరిమితులతో నియంత్రించాలని రెండవది సూచించింది. చట్టబద్ధత సర్వరోగ నివారిణి అనుకోవడానికి వీల్లేదు. పందేలకు సుదీర్ఘకాలంగా లైసెన్సులు ఇస్తున్న బ్రిటన్ కూడా 2020లో క్రెడిట్ కార్డుతో జూదం నిషేధించి, 2025లో ఆన్‌లైన్ స్లాట్ ఆటలలో ఒక విడత పందేన్ని ఐదు పౌండ్లకు, ఇరవై ఐదేళ్ల లోపువారికి రెండు పౌండ్లకు కుదించింది. కంపెనీల ఆదాయంలో అధికభాగం కొద్దిమంది వ్యసనపరుల నుంచే వస్తుందన్న గుర్తింపు దీని వెనుక ఉంది. వ్యసనం తగ్గితే ఆదాయం తగ్గే వ్యాపారానికి స్వీయనియంత్రణ అప్పగించడం పాలకు పిల్లిని కాపలా పెట్టడమే. అయినా రెండు పద్ధతుల మధ్య ఎంచుకోవలసి వస్తే, నిషేధమో లైసెన్సో అన్నదానికంటె అద్దె ఖాతాను అడ్డుకునే శక్తి రాజ్యానికి ఉన్నదా అన్నదే ముందు తేలాలి. అది లేనిదే నిషేధం పారదు, లైసెన్సూ నిలవదు. రెండింటినీ తప్పించుకున్న సొమ్ము ఒకే మార్గంలో దుబాయి చేరుతుంది. నెలకు పదివేలు ఆడే విద్యార్థి ఖాతాలో ఒక్క రాత్రిలో పాతిక లక్షలు వచ్చి వెళ్లినప్పుడు బ్యాంకు ఊరకుంటే, ఆ బ్యాంకుకూ బాధ్యత పంచే నిబంధన మరే శిక్ష కంటె ఎక్కువ పనిచేస్తుంది.

అంతవరకు భిలాయి వంటి ఊళ్లలోని తల్లిదండ్రులు, అన్నదమ్ములు గమనించవలసినది, ఇంట్లో కుర్రవాడు పందెం కాస్తున్నాడా అన్నది ఒక్కటే కాదు; అతని పేర ఉన్న పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము ఎవరి దగ్గర ఉన్నాయన్నది కూడా. పరాయి చేతిలో ఉన్నాయని తెలిస్తే అదే రోజు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి ఖాతాను నిలిపివేయించాలి. సైబర్ నేరాల సహాయ నంబరు 1930 రాత్రింబవళ్లు పనిచేస్తుంది.